కుడి సీటు నుంచి వచ్చిన మాట

వాయుసేన వదిలి ప్యాసింజర్ విమానాలకు మారాలనుకునేవాళ్ళు నాకు ఫోన్ చేస్తుంటారు. కోయిలకుంట్ల దగ్గర మా చేనులో ఇల్లు కట్టుకుని ఉంటున్నానని తెలిసి, సెలవుల్లో కడప నుంచి, కర్నూలు నుంచి వచ్చి కలిసిపోయేవాళ్ళూ ఉన్నారు. ఎన్ని గంటల అనుభవం కావాలి, ఏ పరీక్షలు రాయాలి, ఎన్నేళ్ళకు కెప్టెన్ అవుతాం అని అడుగుతారు. అవన్నీ నాకంటే బాగా ఇంటర్నెట్టే చెబుతుంది. నేను చెప్పగలిగేది వేరే ఉంది. ఇరవై ఏళ్ళు సైన్యానికి సరుకు మోశాను, తర్వాత పద్దెనిమిదేళ్ళు మనుషుల్ని మోశాను. ఆ రెండూ వేర్వేరు పనులని అర్థం కావడానికి నాకు దాదాపు ఆ పద్దెనిమిదేళ్ళూ పట్టింది. అది ఎలా అర్థమైందో రాస్తాను. ఇందులో నా గొప్ప తక్కువ.

కొండల్లో నేర్చింది

మా నాన్నకు నాలుగెకరాల నల్లరేగడి ఉండేది. జొన్న, శనగ పండేవి. ఆదివారం చర్చిలో గంట కొట్టే పని కూడా ఆయనదే. నేను నంద్యాలలో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. వాయుసేనలో చేరేదాకా విమానాన్ని దగ్గర నుంచి చూసింది లేదు.

నన్ను ఈశాన్య సరిహద్దులో రెండు ఇంజిన్ల పాత రవాణా విమానం మీద వేశారు. కొండల మీద ఉండే సైనిక శిబిరాలకు పిండి బస్తాలు, కిరోసిన్ డబ్బాలు, ఒక్కోసారి ప్రాణమున్న మేకల్ని కూడా చేరవేసేవాళ్ళం. ఆ విమానంలో చప్పుడు ఎంత ఉండేదంటే, దిగిన తర్వాత గంటసేపు ఎదుటివాడి పెదాలు చూసి మాట అర్థం చేసుకునేవాళ్ళం. అది అందరికీ ఉండేదే కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు.

మా ఫ్లైట్ కమాండర్ ఒక సర్దార్జీ. నేను చూసినవాళ్ళలో ఆయన్ను మించిన పైలట్ లేడు. ఒకరోజు లోయలో పోతుండగా ముందు మబ్బు మూసుకుంది. కో-పైలట్‌గా పక్కనున్న నాకు ఎడమవైపు వెలుతురు కనిపించింది. "సర్, ఎడమవైపు ఖాళీ ఉంది" అన్నాను. ఆయన చుట్టి పట్టుకున్న మ్యాపుతో నా మోకాలి మీద ఒక్కటి వేశాడు. మాట్లాడొద్దని అర్థం. విమానాన్ని కుడికి తిప్పి, కొండ పక్కనుంచి బయటికి తెచ్చాడు.

దిగిన తర్వాత టీ తాగుతూ చెప్పాడు. "నువ్వు చూసిన వెలుతురు వెనక ఇంకో కొండ ఉంది. అది నీకు తెలియదు, నాకు తెలుసు. తెలియనివాడు మాట్లాడితే తెలిసినవాడికి ఒక క్షణం పోతుంది. ఆ లోయలో మనకున్నది ఆ ఒక్క క్షణమే."

ఆ రోజు ఆయన చెప్పింది నిజం. ఇప్పటికీ ఆ లోయ వరకూ అది నిజమే అంటాను. నేను ఆ మాటను లోయలోనే వదిలి రాలేదు, అదే వచ్చిన చిక్కు. నేను కెప్టెన్ అయ్యాక నా మోకాళ్ళ మీదా ఒక మ్యాపు చుట్టి ఉండేది. ఎవర్నీ కొట్టలేదు. కొట్టాల్సిన అవసరం రాలేదు. దాన్ని చూసే నోరు మూసుకునేవాళ్ళు.

ఒక పైలట్, ఇద్దరు పైలట్లు

నలభై రెండేళ్ళకు వాయుసేన నుంచి బయటికొచ్చి ఒక విమాన సంస్థలో కో-పైలట్‌గా చేరాను. శిక్షణ ఇచ్చిన కెప్టెన్ మేనన్ నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే ఉండి విమానంలా కదిలే యంత్రంలో, ఆయన ఇంజిన్‌కు మంట అంటుకున్నట్టు చేశాడు. నా చేతులు వాటంతట అవే కదిలాయి. క్షణాల్లో ఇంజిన్ ఆపి, మంట ఆర్పి, విమానాన్ని తిన్నగా నిలబెట్టాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

మేనన్ యంత్రాన్ని ఆపేశాడు. నన్నేమీ అనకుండా, నా పక్క సీట్లో ఉన్న ఇంకో శిక్షణార్థిని అడిగాడు. "ఇప్పుడేం జరిగింది?"

"సరిగ్గా తెలియదు సర్" అన్నాడతను.

మేనన్ నావైపు తిరిగాడు. "విమానం బతికింది. కానీ ఇందులో ఒక్క పైలటే ఉన్నాడు. నాకు ఇద్దరు కావాలి. నీ పక్కనున్నవాడు ఎందుకున్నాడనుకుంటున్నావు?"

"సాయానికి."

"కాదు. నువ్వు తప్పు చేసినప్పుడు చెప్పడానికి."

నాకు కోపం వచ్చింది. ఈయన ఎన్ని కొండలు చూశాడని మనసులో అనుకున్నాను. అయినా ఆయన అడిగాడు కాబట్టి చేశాను. చూసింది పైకి చెప్పడం, పక్కవాడు అవునన్నాక చెయ్యి కదపడం, మళ్ళీ చెప్పడం. పరీక్ష పాసయ్యాను. నేర్చుకున్నాననే అనుకున్నాను. నిజానికి నేను చేసింది ఆ మాటల్ని కంఠస్థం చేయడం.

కడపలో ఎండ

కెప్టెన్ అయ్యాక నాకు చిన్న ఊళ్ళ మధ్య తిరిగే, పంకా ఇంజిన్ల విమానం ఇచ్చారు. హైదరాబాదు, కడప, కర్నూలు. సొంత జిల్లాల మీద ఎగరడం బాగుండేది. పైనుంచి ఎక్కడ ఎర్రనేల ఆగి నల్లనేల మొదలవుతుందో గీత గీసినట్టు కనిపించేది.

ఒక మే నెల మధ్యాహ్నం కడపలో ఎండ ఎంత ఉందంటే, లెక్క వేస్తే ఆరుగురిని దింపేస్తే తప్ప విమానం లేవకూడదు. సైన్యంలో అయితే ఆరు బస్తాలు తీసెయ్యమంటే అయిపోయేది. ఇక్కడా అదే చేశాను. ఆరుగురిని దింపమని గ్రౌండ్ స్టాఫ్‌కు చెప్పి కాక్‌పిట్‌లో కూర్చున్నాను. కాసేపటికి హాల్లో గొడవ మొదలైందని, నన్నే రమ్మంటున్నారని కబురొచ్చింది.

వెళ్ళాను. తలగుడ్డ కట్టుకున్న ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. పత్తికొండ దగ్గరి రైతు. కడపలో కూతురింటికి వచ్చి, హైదరాబాదులో కొడుకు దగ్గరికి పోతున్నాడు.

"ఏమప్పా, తోలేది నువ్వేనా?"

"నేనే పెద్దాయనా."

"బండి బాగుండాది, మనుషులుండారు. దిగమంటారేంది మళ్ళ?"

ఎవరైనా అధికారి అడిగితే నాకు జవాబు నోటికి వచ్చేది. ఆయనకు ఎలా చెప్పాలో ఒక నిమిషం ఆలోచించాల్సి వచ్చింది. "ఎండకు గాలి పలచనైతాది పెద్దాయనా. పలచటి గాలిలో పంకాకు పట్టు దొరకదు. బరువు తగ్గిస్తే గానీ లేయదు."

ఆయన మీసం నిమురుకున్నాడు. "గాలి గూడా పలచనైతాదా! నీళ్ళ మజ్జిగలో కవ్వం ఊరికే తిరిగినట్ల?"

"అట్లనే."

"అయితే పొద్దు వాలినాంక సల్లబడి గాలి చిక్కనైతాది గదా. అప్పుడు అందరం పోవచ్చు గదప్పా?"

ఆ రోజు మాకు అదే ఆఖరి ప్రయాణం. మా డ్యూటీ సమయం ఇంకా మిగిలే ఉంది. నేను ఆ లెక్క వేయనే లేదు, ఎందుకంటే బస్తాలకు అలాంటి లెక్క వేసే అలవాటు లేదు. విమానాశ్రయం ఒక గంట ఎక్కువ తెరిచి ఉంచడానికి ఒప్పుకుంది. పొద్దు వాలాక లెక్క మళ్ళీ వేస్తే సరిపోయింది. అందరినీ ఎక్కించుకుని లేచాం. దిగేటప్పుడు ఆయన కాక్‌పిట్ తలుపు దగ్గర ఆగి, "చిక్కగుండిందా గాలి?" అని అడిగి మరీ పోయాడు.

అప్పటినుంచి ఏదైనా ఆలస్యమైతే నేనే బయటికి వెళ్ళి ప్రయాణికులకు చెప్పేవాణ్ణి, వాళ్ళు అడిగేది వినేవాణ్ణి. అది నాకు ఇష్టమైన పనైంది. వినడం వచ్చిందనుకున్నాను. వెనకవైపు నుంచి వచ్చే మాట వినడం నిజంగానే వచ్చింది. కో-పైలట్ కూర్చునే కుడి సీటు సంగతి నాకు తట్టలేదు.

ఆ దిగడం

హరిత నా దగ్గరికి కో-పైలట్‌గా వచ్చేసరికి నాకు యాభై తొమ్మిది. ఆమెది పత్తికొండ. వాళ్ళ నాన్న టమోటా మార్కెట్లో మండీ నడుపుతాడు. మాటల్లో యాస దాచుకునేది కాదు. కాక్‌పిట్‌లో మాత్రం పని మాటలు ఇంగ్లీషులో, మెల్లగా, స్పష్టంగా అనేది. గొంతు సన్నం.

ఒక మధ్యాహ్నం కడపలో దిగుతున్నాం. గాలి విసురుగా ఉంది. ఆఖర్లో దిశ మారి వెనకనుంచి తోయడం మొదలుపెట్టింది. వేగం ఎక్కువగా ఉంది, ఎత్తూ ఎక్కువగా ఉంది. మా నియమం సూటిగా ఉంటుంది. ఐదొందల అడుగుల దగ్గరికి వచ్చేసరికి అన్నీ సరిగా ఉండాలి, లేకపోతే దిగడం మానేసి మళ్ళీ పైకి పోవాలి. దాన్నే గో అరౌండ్ అంటాం. అందులో తప్పేం లేదు, అవమానమూ లేదు. చుట్టూ తిరిగి రావడానికి పది నిమిషాలు పడుతుంది.

నేను పైకి పోలేదు. ఇప్పుడు తగ్గుతుంది, ఇప్పుడు తగ్గుతుంది అనుకుంటూ కిందికి తెచ్చాను. రన్‌వే చాలావరకు దాటిపోయాక చక్రాలు తాకాయి. బ్రేకులు గట్టిగా తొక్కాను. వెనక మనుషులు బెల్టుల మీదికి ఒరగడం నాకు వీపుతోనే తెలిసింది. చివర కాస్త రన్‌వే మిగిలి ఉండగా ఆగాం. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంజిన్లు ఆపాక, "కొంచెం పొడుగైంది" అన్నాను.

"అవును సార్" అంది హరిత. చెక్‌లిస్టు వైపే చూస్తూ ఉంది.

మేనన్ గదిలో

ప్రతి విమానం ఎలా ఎగిరిందో యంత్రం రాసిపెడుతుంది. మూడో రోజు నన్ను పిలిచారు. అప్పటికి మేనన్ మా సంస్థలో భద్రతా విభాగానికి పెద్ద. ఆయనకు తెలుగు రాదు. మేం ఇంగ్లీషులో మాట్లాడుకున్నదాన్నే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. గీతలున్న కాగితం నా ముందు పెట్టాడు. తప్పు నాదేనని అప్పటికప్పుడే ఒప్పుకున్నాను.

"హరిత ఏమంది?" అని అడిగాడు.

"ఏమీ అనలేదు."

"ఖాయమేనా?"

"ఖాయం."

మేనన్ పెన్ను కింద పెట్టాడు. "అయితే ఇది ఆమె సమస్య కూడా. చెప్పాల్సినప్పుడు చెప్పని పైలట్‌ను నేను విమానంలో కూర్చోబెట్టలేను. రేపు ఆమెను పిలుస్తాను."

కాక్‌పిట్‌లో మాటలు రికార్డయ్యే పెట్టె ఉంటుంది గానీ, అందులో ఆఖరి రెండు గంటలే నిలుస్తాయి. ఆ తర్వాతి ప్రయాణాలు మా మాటల్ని తుడిచేశాయి. కాబట్టి ఇక మిగిలింది నా మాట, ఆమె మాట.

ఆ అమ్మాయి మీద జాలేసింది. నేనే సాయం చేద్దామనుకున్నాను. విమానాశ్రయంలో సిబ్బంది గదిలో డ్యూటీ కోసం ఎదురుచూస్తూ కూర్చునుంది. వెళ్ళి చెప్పాను. "రేపు మేనన్ అడుగుతాడు. కొత్తదాన్ని, భయానికి నోరు రాలేదని చెప్పు. నేను కూడా ఒక మాట చెప్తాను."

ఆమె నన్ను వింతగా చూసింది. "నోరు రాకపోయేదేంది సార్? రెండు సార్లు చెప్పినా గదా."

"ఎప్పుడు చెప్పినావు?"

"ఐదొందల కాడ ఒకసారి గో అరౌండ్ అన్యా. మూడొందల కాడ ఇంకోసారి, గట్టిగా."

"నాకు ఇన్పల్లేదే."

"మీరు ఇని కూడా దింపుతాండారనుకున్యా సార్. శానా ఏండ్లు ఎగిరినారు, కొండల్లో దింపినారు, నాకు తెల్యనిది ఏదో మీకు తెల్సనుకున్యా. రెండుసార్లు చెప్పినా కదలకపోతే కంట్రోల్స్ నేను తీసుకోవాల. తీసుకోలేదు. అది నా తప్పే. రేపు మేనన్ సార్‌తో గూడా అదే చెప్తా."

ఆ గదిలోంచి బయటికొస్తూ, ఆమె అబద్ధమాడుతోందని ఒక నిమిషం అనుకున్నాను. దాచుకోకుండా రాస్తున్నాను. అలా అనుకోవడం నాకు సులువు. కానీ అబద్ధమాడేవాళ్ళు తమ తప్పును కూడా అందులో కలిపి ఎందుకు చెబుతారు? కారు నడుపుతున్నంతసేపూ అదే ప్రశ్న. ఆమె చెప్పింది నిజమైతే, ఆ రెండు మాటలు ఎక్కడికి పోయాయి?

సునీత పెట్టిన పరీక్ష

నా భార్య సునీత అప్పుడు హైదరాబాదులో బడిలో తెలుగు చెప్పేది. పుట్టిల్లు కడప. జరిగింది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. కాగితం, పెన్ను నా చేతికిచ్చి, నా కుడి పక్కన కొంచెం వెనకగా కుర్చీ వేసుకుని, పరీక్ష అట్ట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇరవై మాటలు చెప్తా. రాయండి."

కత్తి, పత్తి, సీత, పీట అంటూ మామూలు గొంతుతో చదివింది. నేను చకచకా రాశాను. బాగానే రాస్తున్నాననుకున్నాను. కాగితం తీసుకుని ఎర్ర పెన్నుతో దిద్దింది.

"పదకొండు. నా క్లాసులో అయితే పాసే."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. "మూడేండ్ల నుంచి ఇంట్లో నేను గట్టిగా మాట్లాడ్తాండా. యాడికి పోయినా మీ ఎడమ పక్కనే నడుస్తాండా, ఆ చెవి బాగుండాదని. మీరు గమనించనే లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"రెండుసార్లు చెప్పినా. మీరు కొట్టిపారేసినారు. ఏటేటా డాక్టర్లు చూసి పంపిస్తాండారు గదా, నాదే అనుమానమేమో అనుకుంటి."

డాక్టర్లు చూసి పంపిన సంగతి ఇక్కడ చెప్పాలి. చెవి పరీక్షలో చప్పుడు రాని గదిలో కూర్చోబెడతారు. సన్నటి కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. అద్దం అవతల పరీక్ష చేసే ఆవిడ కూర్చుంటుంది. కూత పంపినప్పుడల్లా ఆవిడ భుజం కొంచెం కదిలేది. కొన్నేళ్ళుగా నేను ఆ భుజం చూసి బటన్ నొక్కుతున్నాను. అది మోసమని అప్పుడు అనుకోలేదు. ఆ పరీక్షలో అందరూ అలాగే చేస్తారనుకున్నాను. ఎర్ర పెన్ను గీతలున్న ఆ కాగితం చేతిలో పట్టుకున్నాక ఇక అలా అనుకోవడం కుదరలేదు.

మర్నాడు పొద్దున హరిత కంటే ముందు నేను మేనన్ గదికి వెళ్ళాను. "ఆమె చెప్పింది. రెండు సార్లు. నేను వినలేదు."

"వినలేదా, వినపడలేదా?"

"తెలియదు. తెలుసుకోవాలని ఉంది." భుజం సంగతి కూడా చెప్పాను.

"ఇది రాసి ఇచ్చావంటే నువ్వు మళ్ళీ ఎగరకపోవచ్చు."

"తెలుసు."

రాసి ఇచ్చాను. ఆ వారమే అద్దానికి వీపు పెట్టి కూర్చుని మళ్ళీ పరీక్ష చేయించుకున్నాను. కుడి చెవి చాలావరకు పోయింది. ఎడమ చెవి కొంత. సన్నటి శబ్దాలే ముందు పోతాయని, పాత రవాణా విమానాల మీద పనిచేసినవాళ్ళలో ఇది ఉండేదేనని డాక్టరు చెప్పాడు. నా ప్రశ్న ఆయన్ను అడిగాను. మూడొందల అడుగుల దగ్గర ఆమె గట్టిగా చెప్పినప్పుడు, ఎడమ చెవికి హెడ్‌ఫోన్ కూడా ఉండగా, అసలు ఏమీ వినపడకపోవడం సాధ్యమేనా?

"చెవి కొంత, అలవాటు కొంత" అన్నాడాయన. "ఏది ఎంతో నేను కొలవలేను."

నేనూ కొలవలేకపోయాను. ఇప్పటికీ కుతూహలంగానే ఉంది. పక్క సీటులోంచి వచ్చే మాటను ఇరవై ఏళ్ళు పక్కకు తోసిన మెదడు, చెవి తెచ్చిన దాన్ని కూడా గుమ్మం దగ్గరే ఆపేసి ఉండవచ్చు. ఆపిందనే నా అనుమానం.

తర్వాత

నేను మళ్ళీ ఎగరలేదు. కడపలో దిగిన ఆ వారం చేసినవే నా ఆఖరి ప్రయాణాలని అప్పుడు తెలియదు కాబట్టి, వాటిలో ఒక్కటీ సరిగా గుర్తు లేదు. ఒక ఏడాదిపాటు అందరి మీదా కోపంగా ఉండేది, నిజం చెప్పినందుకు నా మీద నాకు కూడా. పొలంలో విమానం చప్పుడైతే తల ఎత్తేవాణ్ణి కాదు. హరితను పదిహేను రోజులు శిక్షణకు పంపి, మళ్ళీ విమానం ఎక్కించారు. ఆ శిక్షణలో నేర్పింది ఒక్కటే. మూడోసారి మాట అనవసరం, చెయ్యి కదపాలి.

వాయుసేన నుంచి వచ్చేవాళ్ళకు నా మాట ఇది. మీ చేతులు బాగా పనిచేస్తాయి. అందులో నాకు అనుమానం లేదు, మీ కొత్త బాసులకూ ఉండదు. అక్కడ మీకు నేర్పిన మౌనం కూడా తప్పు కాదు. నన్ను కొట్టిన సర్దార్జీ వల్లే ఆ రోజు బతికాను. కానీ ఇక్కడ మీ పక్కన కూర్చునేవాడికి మీకంటే తక్కువ తెలియవచ్చు, అయినా మీరు చూడనిది చూస్తూ ఉంటాడు. అతను ఎన్నిసార్లు మాట్లాడుతున్నాడో లెక్కపెట్టుకోండి. ఒక రోజంతా అతను మీతో ఏదీ కాదనలేదంటే, మీరు అన్నీ సరిగా చేశారని అనుకోకండి. ఇంకొక మాట. ఏడాదికొకసారి ఇంట్లోవాళ్ళ చేత డిక్టేషన్ చెప్పించుకోండి. వాళ్ళకు వీపు పెట్టుకుని.

రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకున్నాక చాలా శబ్దాలు తిరిగొచ్చాయి. జొన్న ఆకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు నేను నిజంగా మరిచిపోయాను.

హరిత ఇప్పుడు కెప్టెన్. నెల కిందట ఫోన్ చేసింది.

"సార్, నా పక్కన కొత్తగా ఒకాయన వస్తాండాడు. వాయుసేన నుంచి. నాకంటే పదేండ్లు పెద్ద. శానా బాగా తోల్తాడు. కానీ నోరు తెరవడు. నేను తప్పు చేస్తే చెప్తాడో లేదో తెల్యట్లే. ఏం చెయ్యాల?"

"నియమాలు చెప్పొద్దు. అవి ఆయనకు నోటికి వచ్చుంటాయి. ఏమన్నా అడుగు."

"ఏమడగాల?"

"నీకు నిజంగా తెలియంది. ఆయనకు తెలిసింది. పరీక్ష పెట్టినట్లు కాదు, తెలుసుకోవాలని అడుగు. తర్వాత ఆయన నిన్నడిగితే నువ్వూ చెప్పు."

"అంతేనా సార్?"

"నాకు తెలిసింది అంతే."

వారం తర్వాత మెసేజ్ వచ్చింది. 'ఎడారిలో ఇసుక గాలికి యెట్ల దింపేటోళ్ళు అని ఆయన్ని అడిగినా సార్. హైదరాబాదు నుంచి కర్నూలు దాకా చెప్తానే ఉండాడు. నిన్న నా వేగం ఎక్కువుందని ఆయనే ముందు అన్యాడు. బాగుండాది. ఇప్పుడు ఆయప్ప మాటలు ఆపేది యెట్లనో గూడా చెప్పండి.'

సునీతకు చదివి వినిపించి, జవాబు రాశాను. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, పది వేల అడుగుల కింద నియమం ప్రకారం పని మాటలే మాట్లాడమను. ఆ పైన ఆపొద్దు.